టర్బో పక్కన ఒక రేకు

టర్బో ఇంజిన్ మీద ఉండాల్సిన హీట్ షీల్డ్ పాడైపోయి, కొత్తది బజారులో దొరకనప్పుడు సొంతంగా చేసుకోవచ్చా? ఈ ప్రశ్నకు విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రి ఇచ్చే జవాబు వేరు, పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠం చెప్పేవాళ్లు ఇచ్చే జవాబు వేరు. ఇద్దరికీ వేడి సంగతి తెలుసు. అందుకే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఈ సంవాదం రాశాను. మనుషులు కల్పితం. వాళ్లు మాట్లాడుకునే పెళుసు వైర్లు, విరిగిన బోల్టులు, కాలిన పైపులు మాత్రం ఏ షెడ్డులోనైనా కనిపించేవే.

కారు పద్నాలుగు వందల సీసీ టర్బో పెట్రోల్ సెడాన్. దాన్ని చేసిన కంపెనీ మన దేశంలో కార్లమ్మడం మానేసి కొన్నేళ్లయింది. టర్బో మీది రేకు బోల్టు కన్నాల చుట్టూ తుప్పు తిని ఊడిపోయింది. కారు లెక్చరర్‌ది. వాళ్ల నాన్న స్కూటర్ కాలం నుంచీ ఆ ఇంటి బళ్లన్నీ మేస్త్రి చేతి మీదే నడిచాయి కాబట్టి ఆమెకు ఆయన బాబాయ్.

మేస్త్రి: చేతగాక వద్దనడం లేదమ్మాయ్. రేకు కత్తిరించి వంచి ఇవ్వడం ఒక పూట పని. కానీ ఇది డిక్కీలో వేసే రేకు కాదుగా. ఊడిందంటే ఏ బెల్టులో ఇరుక్కుంటుందో, ఏ పైపును కోస్తుందో ఎవరు చెప్పగలరు? తుక్కు షాపులన్నీ వెతికిస్తాను. ఒరిజినల్ ముక్క దొరికితే బిగిద్దాం. అప్పటిదాకా ఆగు.

లెక్చరర్: ఆగడమంటే షీల్డ్ లేకుండా తిరగడమే కదా బాబాయ్. టర్బోకి జానెడు దూరంలో ఉన్న వైరింగ్ చూశారుగా. పైనున్న ముడతల గొట్టం చేత్తో నలిపితే పొడి అయిపోయింది. లోపల వైర్ల తొడుగు కూడా అలాగే పగిలిందంటే రెండు తీగలు కలిసి ఎక్కడ షార్టవుతుందో తెలీదు. ఇక తుక్కులో దొరికేది కూడా ఇంతే వయసున్న రేకు, ఇదే కన్నాల దగ్గర ఇదే తుప్పు.

మేస్త్రి: తుప్పు పట్టినా అది కంపెనీవాళ్లు లెక్కేసి చేసింది. నీది అట్టముక్క చూసి కోసేది.

లెక్చరర్: అట్టముక్క ఆకారం చెబుతుంది. లెక్క నేను వేశాను, వినండి. పెట్రోల్ టర్బోలోకి వెళ్లే పొగ, ఇంజిన్‌ని గట్టిగా లాగించినప్పుడు 900 డిగ్రీలు దాటుతుంది. టర్బైన్ ఉన్న ఇనుప డిప్ప చీకట్లో ఎర్రగా కనబడుతుంది. ఆ డిప్ప నుంచి చుట్టూ ఉన్న వాటికి వేడి చేరేది ప్రధానంగా వికిరణం వల్ల, అంటే గాలి సాయం కూడా అక్కర్లేకుండా తిన్నగా తగిలే సెగ వల్ల. కెల్విన్‌లలో లెక్కించిన ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఆ సెగ నాలుగో ఘాతంలో పెరుగుతుందని 1879లో స్టెఫాన్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. 400 డిగ్రీల డిప్పకూ 800 డిగ్రీల డిప్పకూ తేడా రెట్టింపు అనుకుంటాం. సెగలో తేడా ఆరున్నర రెట్లు. 800 దగ్గర చదరపు మీటరుకు డెబ్బై కిలోవాట్లు దాటుతుంది. మీరు రోజూ చేతికి తగిలి తెలుసుకునేదే ఇది.

మేస్త్రి: చేతికి తగిలేదానికి స్టెఫానెందుకు గానీ, అంత సెగ ఉందంటే రేకు మందంగా ఉండాలన్నమాట. రెండు మిల్లీమీటర్ల ఇనుప పలక వేద్దాం, విరిగే ప్రసక్తే ఉండదు.

లెక్చరర్: అక్కడే నేను ఒప్పుకోను. మందం వల్ల పలక వేడెక్కడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే. ఒకసారి వేడెక్కాక అదే పక్కవాటికి సెగ కొడుతుంది. పైగా బరువు. బరువంతా బిగించిన చెవుల మీద ఊగి ఊగి వాటినే విరుస్తుంది. పని చేసేది పలక పైపొర. తుప్పు పట్టిన ఇనుము తన మీద పడిన సెగలో ఎనభై శాతం దాకా తాగేస్తుంది, తాగినదాన్ని అంతే ధారాళంగా అవతలికి వదులుతుంది. అలాంటి రేకు మధ్యలో నిలబెడితే అవతలికి వెళ్లే సెగ సగమే తగ్గుతుంది. అదే చోట రెండు వైపులా మెరిసే రేకు, సెగలో పది శాతమే పుచ్చుకునే రకం, నిలబెడితే పద్నాలుగో వంతుకు పడిపోతుంది. రెండు పెద్ద పలకలు ఎదురెదురుగా ఉన్నాయనుకుని వేసిన లెక్క ఇది. ఇంజిన్ గదిలో అంత చక్కగా కుదరదు గానీ, దిశ మాత్రం ఇదే. అర మిల్లీమీటరు మెరిసే రేకు మీ రెండు మిల్లీమీటర్ల పలకకంటే ఎన్నో రెట్లు నయం.

మేస్త్రి: మెరుపు ఎన్నాళ్లుంటుంది? నాలుగు వానలు, ఇంత ఆయిల్ ఆవిరి, బందరు రోడ్డు దుమ్ము పడ్డాక నీ మెరుపు రేకు కూడా నా ఇనుప పలక లాగే ఉంటుంది.

లెక్చరర్: నిజమే, అందుకే సర్వీసుకు తెచ్చినప్పుడల్లా తుడవాలి. కానీ మెరుపును తేలిగ్గా తీసిపారేయకండి. 1992లో మెక్‌లారెన్ ఎఫ్1 అని ఒక కారు తయారైంది, ఆ రోజుల్లో ప్రపంచంలోనే అతి వేగమైనది. దాని ఇంజిన్ గది లోపలి గోడలకు బంగారు రేకు అంటించారు. ఆడంబరం కోసం అయితే బయట అంటించేవాళ్లు. సెగను తిప్పికొట్టడంలో బంగారానికి సాటి వచ్చే లోహాలు తక్కువ, అది మాసిపోదు, తుప్పు పట్టదు.

మేస్త్రి: సరే, మెరిసే రేకే అనుకుందాం. దాన్ని తెచ్చి ఆ వైరింగ్ గొట్టానికి చుట్టేస్తే పోలా? కన్నాలెందుకు, బోల్టులెందుకు?

లెక్చరర్: ఆనించి చుడితే రేకు వేడి నేరుగా వైరుకు ఎక్కుతుంది. రేకుకూ టర్బోకూ మధ్య వేలు పట్టేంత, అంటే పది పదిహేను మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. రేకుకూ వైరుకూ మధ్య అంతకంటే ఎక్కువ ఉండాలి. ఆ ఖాళీల్లో గాలి కదులుతూ రేకు పట్టిన వేడిని తీసుకుపోతుంది.

మేస్త్రి: ఎండాకాలం పందిరి లాగా. తాటాకు తల మీద కప్పుకుంటే ఉక్క, నాలుగు గుంజలు పాతి పైన వేస్తే నీడ.

లెక్చరర్: అదే. కంపెనీ షీల్డుల్లో చాలావాటికి రెండు పొరలుంటాయి, నడుమ సన్నని ఖాళీ. అడుగున ఒక పందిరి, దాని మీద ఇంకొక పందిరి అన్నమాట. పైపెచ్చు రేకంతా గుంటలు గుంటలుగా నొక్కి ఉంటారు. దానివల్ల రెండు పొరలూ ఒకదాన్నొకటి అక్కడక్కడే తాకుతాయి, రేకు బిరుసుగా కూడా ఉంటుంది.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. సొంతంగా షీల్డ్ చేసుకునేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఏ లోహం అని. అడగాల్సింది ఎంత ఖాళీ దొరుకుతుంది అని. ఇంజిన్ గదిలో రేకు పెట్టాక కూడా రెండు వైపులా గాలి ఆడే చోటు లేకపోతే ఎంత ఖరీదైన లోహమూ పనికిరాదు. ఈ విషయంలో లెక్చరర్ వైపే నేను. కానీ తర్వాతి సంగతిలో ఇద్దరికీ మాట మాట పెరిగింది.

మేస్త్రి: రేకు అంటున్నావు సరే, షెడ్డులో జీఐ రేకు ముక్కలు బోలెడున్నాయి. కొత్తవి, మెరుస్తున్నాయి.

లెక్చరర్: వద్దు బాబాయ్. జీఐ రేకు మీద మెరుపు జింకు పూత వల్ల వచ్చింది. జింకు 420 డిగ్రీలకే కరుగుతుంది. టర్బో దగ్గర పూత పోయి, పొగ వచ్చి, అడుగున ఉత్త ఇనుము మిగులుతుంది. ఆ రేకును వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్లటి పొగ పీల్చినవాడికి సాయంత్రానికి చలిజ్వరం. మీ షెడ్డులో కుర్రాళ్లకు అలా వచ్చే ఉంటుంది, పని అలసట అనుకుని ఉంటారు.

మేస్త్రి: వచ్చింది. పాలు తాగి పడుకునేవాళ్లు. పోనీ అల్యూమినియం?

లెక్చరర్: దూరంగా ఉన్న చోట, బ్యాటరీ పెట్టె పక్కనో, ఎయిర్ ఫిల్టర్ ముందో అయితే అల్యూమినియం బ్రహ్మాండం. తేలిక, మెరుపు, చేత్తో వంగుతుంది. టర్బైన్ డిప్పకు దగ్గరగా మాత్రం వద్దు. అది కరిగేది 660 డిగ్రీల దగ్గరే అయినా, 200 దాటితే బలం సడలిపోతుంది, వణుకుకు చీలుతుంది. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు, 304 రకం, 0.5 నుంచి 0.6 మిల్లీమీటర్ల లోపు మందం.

మేస్త్రి: దాని వెనక నా దగ్గరున్న ఆస్బెస్టాస్ తాడు చుడదాం. మా గురువుగారి కాలం నాటి చుట్ట ఇంకా సగం ఉంది. ఎంత సెగైనా ఆపుతుంది.

లెక్చరర్: దాన్ని ముట్టుకోవద్దు. ఈ ఒక్క విషయంలో నేను వాదించను, బతిమాలుతాను. సెగ ఆపుతుందన్నది నిజమే. కానీ తాడు తెంపినప్పుడల్లా కంటికి కనబడని నూగు గాల్లోకి లేస్తుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నూగు బయటికి రాదు. క్యాన్సర్ రావడానికి ఇరవై, ముప్ఫై, ఒక్కోసారి నలభై ఏళ్లు పడుతుంది. అందుకే ఇవాళ తాడు కోసినవాడు రేపు బాగానే ఉంటాడు, అందరూ దాన్ని మంచిదనుకుంటారు.

మేస్త్రి: ముప్ఫై ఏళ్లు దానితోనే పని చేశాను కదమ్మా. నేనేమైనా అయ్యానా?

లెక్చరర్: కాలేదు, కాకూడదు. కానీ మీరు కాలేదు కాబట్టి ఎవరికీ కాదనడానికి లేదు. మీ షెడ్డులో పద్దెనిమిదేళ్ల కుర్రాడున్నాడు. వాడికి యాభై ఏళ్లు వచ్చేసరికి ఈ తాడు సంగతి ఎవరికీ గుర్తుండదు. చుట్టను పొడిగా ఉన్నప్పుడు కదపకండి, ఊడ్చకండి. నీళ్లతో తడిపి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి బిగించి, మీద రాసి పెట్టండి. ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకు ఇప్పించే పూచీ నాది.

మేస్త్రి: తడిపి పెడతాను. కుర్రాడి మాటెత్తావు కాబట్టి పెడతాను. ఇప్పుడు నా ప్రశ్న విను. నువ్వు తాడు వద్దంటావు గానీ, మొన్న ఫోన్లో చూపించావే, పైపుల చుట్టూ చుట్టే పట్టీ, టర్బోకి తొడిగే దుప్పటి, అవి మాత్రం కావాలంటావు. వాటి సంగతేంటి?

లెక్చరర్: అవి గాజు నూలుతోనో, బసాల్ట్ రాతి నూలుతోనో నేసినవి. వేడిని పుట్టినచోటే ఆపేస్తాయి. వేడి లోపలే ఉంటే పొగలో శక్తి ఎక్కువ మిగిలి టర్బైన్ కూడా త్వరగా తిరుగుతుంది.

మేస్త్రి: ఇప్పుడు నేను ఒప్పుకోను. ఆ పట్టీ చుట్టిన బండ్లు నా షెడ్డుకు వచ్చాయి. వానాకాలంలో పట్టీ నీళ్లు పీలుస్తుంది. బండి రెండు రోజులు కదలకపోతే పైపు ఆ తడిలోనే ఉంటుంది. విప్పి చూస్తే పైపు పొరలు పొరలుగా లేస్తుంది. అది ఒకటి. రెండోది, వేడి బయటికి పోకపోతే మానిఫోల్డ్ ఇనుమే దాన్ని మోయాలి. పోత ఇనుము పగుళ్లిస్తుంది. మూడోది అన్నిటికంటే పెద్దది. టర్బోకి ఆయిల్ పైపు ఉంటుంది. దాని వాషర్ దగ్గర ఎప్పుడో ఒకప్పుడు చుక్క చుక్కగా కారుతుంది. రేకు మీద పడితే పొగ వస్తుంది, వాసన వస్తుంది, డ్రైవరు బండి ఆపుతాడు. పట్టీ మీద పడితే? అది పీల్చుకుంటుంది. లీటరు పీల్చినా తెలీదు. ఒకరోజు అంటుకుంటుంది.

లెక్చరర్: చివరి మాట నాకు తోచలేదు బాబాయ్. ఇంజిన్ ఆయిల్ నిప్పు లేకుండా తనంతట తానే అంటుకోవడానికి 350 డిగ్రీలు, కాస్త అటూ ఇటూగా చాలు. డిప్ప దానికి రెట్టింపు వేడిలో ఉంటుంది. పట్టీ ఆలోచన వదిలేస్తాను. దుప్పటి మాత్రం వదలను. దుప్పటికి బయట స్టీలు తొడుగు ఉంటుంది, విప్పి చూడొచ్చు, టర్బైన్ డిప్పకే పరిమితం చేయొచ్చు.

మేస్త్రి: డిప్పకే పరిమితం చేస్తానని ఎవరైనా అంటారు. తొడిగేటప్పుడు నడుమ భాగం కూడా కప్పేస్తారు. షాఫ్టు తిరిగే బేరింగ్ ఉండేది అక్కడే. నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరిగే షాఫ్టు అది. బండి ఆపగానే ఆ వేడంతా నడుమకు పాకి, లోపల ఆయిల్ మాడి బొగ్గవుతుంది. దానికి గాలి తగలాలి.

లెక్చరర్: నడుమ కప్పకుండా కుట్టించొచ్చు. మనం దీన్ని ఇక్కడ ఆపుదాం, ఇద్దరం ఒప్పుకోం. ముందు రేకు సంగతి తేలనివ్వండి. దాంతో చాలకపోతే అప్పుడు దుప్పటి.

మేస్త్రి: రేకు సంగతి తేలాలంటే బిగింపు సంగతి తేలాలి. ఎలా బిగిస్తావు?

లెక్చరర్: సిలిండర్ హెడ్డు మీద పాత షీల్డ్ బిగించిన మూడు కన్నాలున్నాయి. వాటికే.

మేస్త్రి: మంచిది. మానిఫోల్డ్ బోల్టుల కింద రేకు చెవి దూర్చనన్నావు కాబట్టి ఇంకా వింటున్నాను. చాలామంది చేసే పని అదే. గ్యాస్కెట్ మీద ఒత్తిడి మారి పొగ కారుతుంది. ఇప్పుడు చెప్పు, కన్నం బోల్టుకు సరిగ్గా పెడతావా?

లెక్చరర్: ఒక్క కన్నం సరిగ్గా, మిగతా రెండూ కోలగా. స్టెయిన్‌లెస్ రేకు 300 మిల్లీమీటర్ల పొడవుంటే, 500 డిగ్రీలు పెరిగేసరికి రెండున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. మూడు చోట్లా బిగబట్టి పెడితే ఆ రెండున్నర మిల్లీమీటర్లు ఎక్కడికీ పోలేక రేకు ఉబ్బుతుంది, చల్లారితే లాక్కుంటుంది. రోజూ అలా జరిగితే కన్నం అంచున పగులు మొదలవుతుంది. పాత షీల్డ్ విరిగింది కూడా కన్నాల దగ్గరే కదా.

మేస్త్రి: తుప్పు వల్ల అనుకున్నాను.

లెక్చరర్: పగులు ముందు, తుప్పు తర్వాత అయి ఉండొచ్చు.

మేస్త్రి: కోల కన్నం వదులుగా ఉంటే రేకు గలగలలాడుతుంది. అందుకని పెద్ద వాషర్లు, పైన ఒకటి కింద ఒకటి, మధ్యలో చిన్న స్టీలు గొట్టపు ముక్క. బోల్టు ఆ గొట్టాన్ని బిగిస్తుంది, రేకు వాషర్ల నడుమ జరుగుతుంది. అమ్మాయ్, నువ్వు నన్ను పనిలోకి దించేశావు. సరే విను. నైలాక్ నట్టు వేయకు. దాని లోపలి నైలాన్ చుట్టు 120 డిగ్రీలకే పట్టు వదులుతుంది. పూర్తిగా లోహంతో చేసిన లాక్ నట్టు వెయ్యి. స్టెయిన్‌లెస్ బోల్టుకు స్టెయిన్‌లెస్ నట్టు ఉత్తగా బిగిస్తే మరలు అతుక్కుపోయి, విప్పబోతే బోల్టే విరుగుతుంది. హెడ్డులో విరిగిన బోల్టు తీయడం ఎంత నరకమో నాకు తెలుసు. కాపర్ గ్రీజు పూసి బిగించు.

లెక్చరర్: అంచులు?

మేస్త్రి: కత్తిరించిన అంచు అలా వదలకూడదు. బ్లేడు లాంటిది, పక్కనున్న హోస్ పైపును వణుకుతో కోస్తూనే ఉంటుంది. అంచంతా అర అంగుళం లోపలికి మడిచి చెక్కసుత్తితో అణచాలి. రేకు పెట్టెలు చేసేవాళ్ల పనితనం అది. మడత వల్ల రేకు బిరుసెక్కుతుంది కూడా. లోపలి మూల ఎక్కడా కోణంగా కోయకు. ముందు కన్నం వేసి, ఆ కన్నంలోకి కోత వచ్చేలా కత్తెర నడుపు. కోణంగా ఉన్న మూల నుంచే చీలిక నడుస్తుంది.

లెక్చరర్: అట్ట మీద ఆకారం రెండుసార్లు తీశాను. పాత క్యాలెండర్ అట్ట బాగా వంగింది.

మేస్త్రి: ఇంజిన్ ఆగి ఉండగా తీశావా?

లెక్చరర్: అవును.

మేస్త్రి: అక్కడే పప్పులో కాలేశావు. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది. గేరులో ఉండి యాక్సిలరేటర్ తొక్కితే మొత్తం ఇంజిన్ వెనక్కో ముందుకో ఒరుగుతుంది. మౌంట్లు పాతబడితే ఇంకా ఎక్కువ. నీ రేకు ఇంజిన్‌తో పాటు కదులుతుంది, బాడీ కదలదు. రేకుకూ బాడీ మీదున్న దేనికైనా కనీసం అంగుళం వదులు. మైనపు ముద్దలు అక్కడక్కడ అతికించి, చల్లటి ఇంజిన్ మీద అట్ట బిగించి, స్టార్ట్ చేసి, బ్రేకు నొక్కి పట్టి ఒక్కసారి ఒరగనివ్వు. వేడెక్కేలోపు ఆపెయ్యి. మైనం నలిగిన చోటల్లా నీ రేకు తగలబోయే చోటు. పని అవగానే అట్ట తీసెయ్యి, మర్చిపోతే అదే అంటుకుంటుంది.

లెక్చరర్: ఈ పరీక్ష మా ల్యాబు పుస్తకంలో రాసుకుంటాను.

మేస్త్రి: ఇప్పుడు బిగించాక పని చేస్తోందని ఎలా తెలుస్తుంది? నేనైతే చెయ్యి పెట్టి చూస్తాను.

లెక్చరర్: చెయ్యి వద్దు. అందరూ కొంటున్నారే, గురి పెట్టి నొక్కితే అంకె చూపించే ఇన్‌ఫ్రారెడ్ గన్ను, అదీ వద్దు. నల్లటి వస్తువుల మీద అది సరిగ్గానే చెబుతుంది. మెరిసే రేకు మీద పెడితే అబద్ధం చెబుతుంది. రేకు సెగ తక్కువ వదులుతుంది కాబట్టి గన్ను దాన్ని చల్లగా ఉందనుకుంటుంది. 300 డిగ్రీల రేకు మీద వందలోపు అంకె చూపిస్తుంది, నమ్మి ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. షీల్డ్ బ్రహ్మాండంగా పని చేస్తోందని సంబరపడేవాళ్లలో చాలామంది చూసింది ఈ తప్పు అంకెనే. థర్మోకపుల్ తీగను కాపాడాల్సిన వైరింగ్ గొట్టానికి కట్టి, మల్టీమీటరులో చదవాలి. షీల్డ్ లేకుండా ఒకసారి, పెట్టాక ఒకసారి, అదే దారిలో, అదే వేళకు. బండి ఆపాక పది నిమిషాలు కూడా చూడాలి. ఫ్యానూ గాలీ ఆగిపోయి వేడంతా పైకి లేచేది అప్పుడే. మే నెల మధ్యాహ్నం బెంజి సర్కిల్ దాకా పోయి వచ్చి ఆపితే అసలు పరీక్ష.

మేస్త్రి: రేకు రంగు కూడా చెబుతుంది. నేను చూశాను, సైలెన్సర్ పైపు మొదట్లో పసుపు తిరిగి, తర్వాత నీలం అవుతుంది.

లెక్చరర్: 304 రేకు లేత పసుపు తిరిగిందంటే 300 డిగ్రీల దరిదాపుల్లో కాలింది. గోధుమ రంగు 400 దగ్గర. నీలం 540 దగ్గర. మీరు విప్పిన ప్రతి షీల్డూ ఎక్కడ ఎంత కాలిందో దాని మీదే రాసి ఉంటుంది. నీలం మచ్చ పడిన చోట ఖాళీ చాలలేదని అర్థం.

మేస్త్రి: ఇంకొక సంగతి. ఈ వేడంతా రేకు తిప్పికొట్టింది సరే, ఎక్కడికి పోతుంది? అది కూడా నీ లెక్కలో ఉందా?

లెక్చరర్: ఉంది, కానీ మీ వాళ్లే పాడు చేస్తున్నారు. కారు అడుగున ప్లాస్టిక్ ట్రే ఉంటుంది కదా. ఆయిల్ మార్చడానికి అడ్డమని తీసి మూలన పడేస్తారు. ముందు నుంచి వచ్చిన గాలి రేడియేటర్ దాటి, టర్బో పక్కగా పోయి, అడుగున వెనక్కి వెళ్లాలని కంపెనీ ఆ ట్రే ఇస్తుంది. అది లేకపోతే గాలి ఎటు పడితే అటు పోతుంది. కొందరు కుర్రాళ్లు బానెట్ వెనక అంచు కింద వాషర్లు పెట్టి ఎత్తు చేస్తారు, వేడి బయటికి పోతుందని. బండి ఆగి ఉన్నప్పుడు పోతుంది. వేగంగా వెళ్లేటప్పుడు అద్దం కింద గాలి పీడనం ఎక్కువ, గాలి అక్కడి నుంచి లోపలికే దూరుతుంది.

మేస్త్రి: ట్రే మాట నిజమే. నీ కారు ట్రే నా దగ్గరే ఉంది, వెనక షెడ్డులో. క్లిప్పులు విరిగాయి, కొత్తవి తెప్పించి బిగిస్తాను. బ్రేక్ ఆయిల్ కూడా మార్చు. నీ మాస్టర్ సిలిండర్ ఎన్నాళ్లనుంచి ఈ సెగ తింటోందో.

లెక్చరర్: మారుస్తాను. డాట్ 4 ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చినదానికి ప్రమాణం 155 దగ్గరికి పడిపోతుంది. ఇక చివరి మాట, మీకు నచ్చదు. ఈ ఏడాది మా పిల్లల ప్రాజెక్టు ఇదే. కొలత తీయడం, రేకు వంచడం, ఉష్ణోగ్రత చదవడం, అన్నీ ఒకే పనిలో నేర్చుకోవచ్చు.

మేస్త్రి: నచ్చదు. నువ్వు చేసి నీ కారుకు పెట్టుకుంటే ఒక కారు. వాళ్లు నేర్చుకుని, రంగు రంగుల బోల్టులు వేసి, ఊరందరికీ అమ్ముతారు. ఒక్కటి ఊడి బ్రేక్ పైపు మీద పడిందనుకో, ఎవరిది పూచీ?

లెక్చరర్: ఇప్పుడు జీఐ రేకుతో, నైలాక్ నట్లతో చేసి అమ్ముతున్నవాళ్లకు ఎవరూ నేర్పలేదు. నేర్చుకున్నవాళ్లు చేస్తే మేలు కదా.

మేస్త్రి: అయితే నా షరతులు. ముందు వాళ్లను ఇక్కడికి తీసుకురా. కాలిన వైరింగ్ ఒకటి దాచాను, చూపిస్తాను. వాసన కూడా చూడాలి. రెండోది, చేసిన షీల్డ్ బిగించాక వంద కిలోమీటర్లు తిరిగి, వాళ్ల చేత్తోనే విప్పి, బోల్టులు వదులయ్యాయా, రేకు ఎక్కడైనా రాసుకుందా చూసి, మళ్లీ బిగించాలి. మూడోది, ఏడాది దాకా ఒక్కటీ అమ్మకూడదు.

లెక్చరర్: మొదటి రెండూ సరే. మూడోది ఒప్పుకోను. వాళ్లలో చాలామంది డిప్లొమా అయ్యాక ఈ ఆటోనగర్‌కే వస్తారు. మంచి పని చేసి డబ్బు తీసుకుంటే తప్పేముంది?

మేస్త్రి: అయితే ప్రతి రేకు మీద చేసినవాడి పేరు పంచ్ కొట్టాలి.

లెక్చరర్: కొట్టిద్దాం. పేరూ, తేదీ, రేకు రకమూ. అంచు మడిచిన వైపు కొట్టించాలి, ఉక్కు సన్నగా ఉన్న చోట కొడితే అక్కడి నుంచే పగులుతుంది.

మేస్త్రి: మడత మీదే కొట్టించు. మంగళవారం పిల్లల్ని తీసుకురా. చేతులకు తోలు గ్లౌజులు ఉండాలని చెప్పు, రేకు అంచు చెయ్యి తెగ్గొడుతుంది.